డయల్ కొత్తగా మెరుస్తుంటే ఒక్క క్షణం ఆగండి

పాత చేతి వాచీ కొనేవాళ్లు డయల్ కొత్తదానిలా శుభ్రంగా ఉన్నదే ఎంచుకోవాలని ఈమధ్య ఒక వ్యాసంలో చదివాను. ఆ ఒక్క మాట నేను ఒప్పుకోలేను. అలాగే నమ్మి ఒక వాచీ కొన్నాను. ఇంటికొచ్చి భూతద్దంలో చూస్తే, 6 అంకె కింద ‘స్విస్ మేడ్’ అక్షరాల అంచులు అలుక్కుపోయి ఉన్నాయి. నిమిషాల గీతల మధ్య ఎడం ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ. డయల్‌కి మళ్లీ రంగు వేశారన్నమాట! అమ్మినాయన ఆ మాట చెప్పకుండా ఒరిజినల్ ధరే తీసుకున్నాడు. చాలా బాధేసింది.

చీకట్లో వెలిగే పూతను కూడా చూడండి. 1960ల దాకా రేడియం అనే రేడియోధార్మిక పదార్థం వాడేవారు, తర్వాత అలాంటిదే మరొకటి, ట్రిటియం వచ్చింది. ట్రిటియం సుమారు 12 ఏళ్లకోసారి సగానికి తగ్గిపోతుంది. అందుకే 1970ల నాటి వాచీ రాత్రంతా బాగా వెలుగుతోందంటే ఆ పూత తర్వాత వేసిందే. డయల్ మీద పూత గోధుమ రంగుకు తిరిగి, ముళ్ల మీద తెల్లగా ఉంటే ముళ్లు మార్చారేమో అడగాలి. రేడియం పూతను మాత్రం గీకి చూడకండి. వెలుగు పోయినా రేడియోధార్మికత పోదు.

ధరకైతే, అమ్మేవాళ్లు అడిగేది కాదు, అలాంటివి నిజంగా ఎంతకు అమ్ముడయ్యాయో చూడాలి. సర్వీసింగ్ ఖర్చు అందులోంచి తీసేయాలి. పదేపదే పాలిష్ పట్టి అంచులు అరిగిపోయిన కేస్ (వాచీ బయటి చట్రం) కన్నా, గీతలున్నా అంచులు పదునుగా ఉన్నదానికే నేను ఎక్కువిస్తాను. వెనక మూత తీసి లోపలి మిషన్ ఫొటో పంపమంటే తప్పించుకునేవాళ్ల దగ్గర ఎంత చవకైనా కొనను.