మొదటి బంతిలో ఎనిమిది మందే

తెలుగు కుటుంబాల్లో ఈమధ్య ఒక కొత్త పదవి పుట్టింది. దానికి జీతం లేదు, గౌరవం లేదు, పదవీ విరమణ అంతకన్నా లేదు. ఆదివారం పొద్దున్న వీడియో కాల్‌లో నాలుగు ఊళ్ల చుట్టాలకి ఆట పెట్టేవాడు. ఇంగ్లిష్‌లో హోస్ట్ అంటారు. పూర్వం ఊరికి కరణం ఎలాగో, ఇప్పుడు వాట్సాప్ గ్రూపుకి హోస్ట్ అలాగ. లెక్కలూ ఆయన దగ్గరే, తిట్లూ ఆయనకే. మా ఇంట్లో ఈ పదవిని ఏడాదిపాటు నేను వెలగబెట్టాను. ఆ అనుభవసారాన్ని భావితరాల హోస్టుల కోసం రికార్డు చెయ్యడం నా విధి అనిపించింది.

ముందుగా ముహూర్తం. మా వాళ్లు హైదరాబాద్, కాకినాడ, డాలస్, మెల్‌బోర్న్‌లలో ఉన్నారు. జనవరిలో మనకి ఆదివారం ఉదయం 8 గంటలంటే డాలస్‌లో శనివారం రాత్రి 8.30, మెల్‌బోర్న్‌లో ఆదివారం మధ్యాహ్నం 1.30. అంటే ఒకరు ఇడ్లీ నములుతూ, ఒకరు గ్లాసు పట్టుకుని, ఒకరు భోంచేసి కునుకుపాట్లు పడుతూ ఆడే ఆట అన్నమాట. ఈ టైము కుదిరిందని ఊపిరి పీల్చుకునేలోపు మార్చిలో అమెరికా వాళ్లు గడియారం గంట ముందుకు తిప్పుతారు. ఏప్రిల్లో మెల్‌బోర్న్ వాళ్లు గంట వెనక్కి తిప్పుతారు. మనం మాత్రం కదలం. కదలని మనమే ప్రతిసారీ ఆలస్యంగా వస్తాం. మధ్యలో మా మామ్మ, "రాహుకాలం చూశావురా?" అని అడుగుతుంది. ఆదివారం రాహుకాలం సాయంత్రం నాలుగున్నరకి కదా మామ్మా అంటే, "డాలస్‌లో ఇంకా శనివారమేగా, వాళ్లది ఎప్పుడో?" అంటుంది. అంతర్జాతీయ చట్టం దగ్గర కూడా దీనికి జవాబు ఉండదు.

ఇక ఆట. మేం ఎంచుకున్నది జాక్‌బాక్స్ పార్టీ ప్యాక్, అంటే కంప్యూటర్లో పదిమందీ కలిసి ఆడే చిన్న చిన్న ఆటల మూట. షికాగో కంపెనీ వాళ్లది, మొదటి ప్యాక్ 2014లో వచ్చింది. ఇందులో ఒక్కరు కొంటే చాలు. మిగతావాళ్లు ఏమీ కొనక్కర్లేదు, ఏ యాప్ వేసుకోనక్కర్లేదు. ఫోన్లో బ్రౌజర్ తెరిచి, తెర మీద కనిపించే నాలుగక్షరాల కోడ్ కొడితే ఫోనే రిమోట్ అయిపోతుంది. ఒకడు కొంటే ఊరంతా ఆడుకునే వస్తువు అమెరికాలో ఎలా పుట్టిందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. దాని లక్షణాలన్నీ మన ఉమ్మడి కుటుంబానివి. డబ్బు కట్టింది డాలస్ తమ్ముడు. అది నాతో సహా ఎవరికీ గుర్తులేదు, వాడికి తప్ప.

చేరేటప్పుడు పేరు కొట్టాలి. పేరుకి 12 అక్షరాలే అనుమతి. ఇంటిపేరూ, దేవుడి పేరూ, తాతగారి పేరూ కలిపి ఆధార్ కార్డులో రెండు లైన్లు నింపే జాతికి 12 అక్షరాలు ఏ మూలకి? మా పెద్దబావగారిది అన్నవరం స్వామి పేరు. ఇంగ్లిష్‌లో రాస్తే సరిగ్గా 13 అక్షరాలు. చివరి 'ఏ' అక్షరం పట్టలేదు. దాంతో కాకినాడలో పుట్టి పెరిగిన మనిషి తెర మీద ఒక్కసారిగా కాన్పూర్ వారైపోయారు.

"ఏమోయ్, నా పేరు తోక కోసేశావేం?" అన్నారు.

"నేను కొయ్యలేదు బావగారూ. అది ఆట రూలు."

"రూలైతే మీ తమ్ముడి పేరు పూర్తిగా ఎలా పడింది?"

తమ్ముడి పేరు ఐదక్షరాలు. ఆ సంగతి చెప్పినా ఆయన ఒప్పుకోలేదు. ఏ అక్షరం తీస్తే మర్యాదగా ఉంటుందా అని ఆయన ఆలోచిస్తూ ఉండగా అసలు విపత్తు ముంచుకొచ్చింది.

ఆ ప్యాక్‌లో మేం ఆడేది క్విప్‌లాష్. ఆట ఒక ప్రశ్న అడుగుతుంది, చమత్కారంగా జవాబు రాయాలి, ఏది బాగుందో మిగతావాళ్లు ఓటేస్తారు. ఇందులో ఆటగాళ్లు ఎనిమిది మందే. కనీసం ముగ్గురు, గరిష్ఠం ఎనిమిది. ముందు కోడ్ కొట్టినవాళ్లకి ముందు చోటు. తొమ్మిదో మనిషి నుంచి అందరూ ప్రేక్షకులే. ప్రేక్షకులు పదివేల మంది దాకా ఉండొచ్చట, వాళ్లు ఓట్లు కూడా వెయ్యొచ్చు. కానీ తొమ్మిదో ఆటగాడు కుదరదు. బావగారు పేరు సవరించుకుని వచ్చేసరికి విస్తళ్లు నిండిపోయాయి. ఆయన ఫోన్లో ప్రేక్షకులకి స్వాగతం అని వచ్చింది.

పెళ్లిలో మొదటి బంతిలో చోటు దక్కని పెళ్లివారి గురించి మీరు వినే ఉంటారు. వడ్డన బాగుందా, గుత్తివంకాయ ఉడికిందా అన్నది కాదు విషయం. ఎవరు కూర్చున్నారు, ఎవరు నిలబడ్డారు అన్నదే చరిత్రలో మిగిలేది. అక్క వీడియో కాల్‌లో మాట్లాడలేదు. కెమెరా కట్టేసి, నాకు విడిగా ఫోన్ చేసింది. "ఆ డాలస్ పిల్లాడికి తొమ్మిదేళ్లు. వాడు లోపల, ఈయన బయటా?" అంది. నేను సాంకేతికంగా వివరించబోయాను. అల్లుడి గౌరవం మీద సాంకేతిక వివరణ ఇచ్చినవాడు తెలుగునాట ఎవడూ బాగుపడలేదు. ఆట ఆపి, గది మూసి, కొత్త కోడ్ తీసి, ఈసారి వయసు ప్రకారం ఒక్కొక్కరినీ పిలిచి కూర్చోబెట్టాను. 25 నిమిషాలు పట్టింది. అప్పటికి ఎవరూ ఒక్క జవాబు కూడా రాయలేదని గమనించగలరు.

శబ్దం సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను, ఎందుకంటే ఇది అందరి ఇళ్లలోనూ జరిగేదే. తెర షేర్ చేస్తే బొమ్మ వెళ్తుంది, కానీ దాని శబ్దం దానంతట అది వెళ్లదు. షేర్ నొక్కే చోట చిన్న చదరం ఉంటుంది, అందులో టిక్ పెట్టాలి. నేను పెట్టలేదు. ఎవరికీ ఏమీ వినబడటం లేదు, అయినా మర్యాదకి ఎవరూ చెప్పలేదు. మెల్‌బోర్న్ చెల్లెలు మాత్రం, "ఇది మూగాటనుకున్నా అన్నయ్యా" అంది.

టైమర్ గురించి మాత్రం వివరంగానే చెప్పాలి. ఆట బొమ్మ నా లాప్‌టాప్‌లో పుట్టి, వీడియో కాల్ వాళ్ల సర్వర్‌కి వెళ్లి, అక్కణ్నుంచి ఒక్కో ఇంటికీ చేరుతుంది. కానీ ఫోన్లు మాత్రం ఆట సర్వర్‌తో నేరుగా మాట్లాడతాయి. అందుకని తెర వెనకబడుతుంది, ఫోన్ ముందుంటుంది. అపార్ట్‌మెంట్‌లో మ్యాచ్ చూసేవాళ్లకి ఇది తెలిసిన బాధే. పైఫ్లోర్‌లో డిష్ ఉన్నవాళ్లు సిక్స్ అని అరుస్తారు, మన ఫోన్లో బౌలర్ ఇంకా పరిగెత్తుతూ ఉంటాడు. మా మేనత్తకి ఆ అరుపు కూడా ఉండదు. ఆవిడ తెర చూస్తూ కూర్చుంటుంది, ఫోన్లో గడువు అయిపోతుంది. దీనికి విరుగుడు ఆట సెట్టింగుల్లోనే ఉంది, టైమర్లు పొడిగించే మీట. నొక్కాను. డాలస్ పిల్లలు, "దిస్ ఈజ్ సో స్లో" అన్నారు. మేనత్త, "ఇంకొంచెం ఇస్తే బావుణ్ణు" అంది. నా అభిప్రాయం ఏమిటంటే, పిల్లలకి సహనం నేర్పే అవకాశం దేశంలో ఇంకెక్కడా మిగల్లేదు. కనుక పొడిగించి తీరాలి. డాలస్ నుంచి ఈ తీర్పు మీద అప్పీలు వచ్చింది. కొట్టేశాను.

తర్వాత వడపోతలు. కుటుంబంతో ఆడుకునేందుకు బూతు తగ్గించే మీట ఒకటి, అమెరికా వాళ్లకే అర్థమయ్యే సంగతులు తగ్గించే మీట ఇంకొకటి ఉన్నాయి. మామ్మ ఉంది కాబట్టి మొదటిది వేశాను, కాకినాడ ఉంది కాబట్టి రెండోది వేశాను. అమెరికా తీసేస్తే మాకేం మిగిలింది అని డాలస్ పిల్లలు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఈ ఆటలు కొన్నింటికి ఫ్రెంచ్, ఇటాలియన్, జర్మన్, స్పానిష్ వచ్చు. తెలుగు రాదు. పిల్లలకీ సరిగ్గా రాదు. ఆ విషయంలో వాళ్లకీ ఆటకీ బాగా కుదిరింది.

ఇక్కడో చిక్కుంది. ఆ వడపోత ఆట అడిగే ప్రశ్నలకే గాని, మనుషులు రాసే జవాబులకి కాదు. మామ్మ తన జవాబుగా ఒక సామెత చెప్పింది. అక్క దాన్ని ఉన్నదున్నట్టు టైపు చేసింది. ఆ సామెత ఇక్కడ రాయలేను, ఇది కుటుంబాలు చదివే వ్యాసం. కాల్‌లో అర నిమిషం నిశ్శబ్దం. తర్వాత అందరూ దానికే ఓటేశారు. ఏ కుటుంబంలో ఎవరి నుంచి ఎవరిని కాపాడాలో ఆ షికాగో ఇంజనీర్లు తిరగేసి ఊహించుకున్నారని నాకప్పుడు అర్థమైంది.

ఇంగ్లిష్ ప్రశ్నలతో విసిగి, మన మాటలతో ఆడదామని తీర్మానం చేశారు. సరే, స్క్రిబుల్‌కి మారాం. ఒకరు బొమ్మ గీస్తే మిగతావాళ్లు అదేమిటో టైపు చెయ్యాలి. అందులో సొంత గది తెరిచి, కనీసం పది మాటలు కామాలు పెట్టి రాసిస్తే అవే వస్తాయి. కానీ ఆ మాటలు రాసేది హోస్ట్. అంటే పేపరు నేనే తయారుచేసి పరీక్ష కూడా నేనే రాస్తానన్నమాట. తమ్ముడు ఒకే మాట అన్నాడు, "పేపర్ లీక్." మన రాష్ట్రాల్లో ఆ మాట పడ్డాక ఇంకేం మిగులుతుంది? విచారణకి ముందే తప్పుకున్నాను. ఈ బొమ్మలాట ఆడని మనిషి మామ్మ ఒక్కతే కాబట్టి ప్రశ్నపత్రం ఆవిడకి అప్పజెప్పాం. పనిమనిషి కూతురు టైపు చేసి నాకు పంపింది. నేను కళ్లు మూసుకుని అతికించాను.

మొదటిసారి అన్నిటికీ చుక్కలు పెట్టి పంపారు, కామాలు లేవు. జాబితా అంతా కలిసి ఒకే మాట అయిపోయింది. రెండోసారి సరిగ్గా వచ్చింది. రోకలి, తిరగలి, ఉట్టి, కవ్వం, గంగాళం, కుంపటి. తిరగలి డాలస్ పిల్లాడికి పడింది. అదేమిటని అడిగితే వాళ్లమ్మ చెవిలో, "రెండు గుండ్రాలు ఒకదాని మీద ఒకటి, పైదాన్ని చేత్తో తిప్పుతారు" అంది. వాడు శ్రద్ధగా గీశాడు. నాలుగు ఊళ్ల వాళ్లూ ఒకే జవాబు కొట్టారు, డీజే.

తర్వాత ఒక పొడుగాటి కాయ వచ్చింది, నున్నగా, మెడ సన్నగా. కాకినాడ ఆనపకాయ అంది. నేను సొరకాయ అన్నాను. వరంగల్‌లో పుట్టిన మా మరదలు ఆనిగెపుకాయ అని కొట్టింది. ముగ్గురివీ ఒప్పే, కానీ ఆటకి ఒక్క మాటే ఒప్పు. రాష్ట్రం విడిపోయి ఇన్నేళ్లయినా ఆస్తుల పంపకం తేలలేదంటారే, ఒక్క కాయ దగ్గరే ఇంత గొడవైతే మరి తేలకపోవడంలో వింతేముంది? ఇంగ్లిష్ స్పెల్లింగుల గొడవ వేరే. గోంగూరకి ఒక ఓ చాలా, రెండు కావాలా? గుత్తిలో హెచ్ ఉందా? పులిహోరని బావగారు పులిహార అని కొట్టారు. ఒక్క అక్షరం తేడా ఉంటే దగ్గరగా వచ్చారని చెప్పడం ఆ ఆట పద్ధతి. ఆయనకీ అలాగే చెప్పింది. "నేను దగ్గరగా రావడమేమిటోయ్, మా ఇంట్లో మూడు తరాలుగా పులిహారే" అన్నారు.

సరిగ్గా అప్పుడే కాల్ తెగిపోయింది. మాది ఉచిత ఖాతా, 40 నిమిషాలే. అప్పటికి అది ఆ రోజు మూడోది. డాలస్‌లో ఇల్లు కొన్న తమ్ముడూ, మెల్‌బోర్న్‌లో రెండు కార్లున్న చెల్లెలూ, ఏటా అన్నవరంలో వ్రతం చేయించే బావగారూ, ఎవరూ నెలనెలా దానికి డబ్బు కట్టరు. నేనూ కట్టను. సూత్రం సూత్రమే.

మళ్లీ అందరూ చేరాక బావగారు ఒక ప్రకటన చేశారు. "వచ్చే వారం నుంచి నేనే పెడతాను. ఇదేం బ్రహ్మవిద్యా?" అందరూ చప్పట్లు కొట్టారు. మ్యూట్‌లో ఉండటంతో శబ్దం రాలేదు గాని చేతులు కనిపించాయి.

ఈ ఆదివారం అదే జరిగింది. బావగారు ఎనిమిది గంటలకి కాకినాడ నుంచి తెర షేర్ చేశారు. శబ్దం రాలేదు. నాకు విడిగా ఫోన్ చేస్తే, ఆ చిన్న చదరం ఎక్కడుందో ఓపిగ్గా చెప్పాను. తర్వాత టైమర్ మీట ఎక్కడుందో చెప్పాను. తర్వాత ఆయన లాప్‌టాప్ అప్‌డేట్ అడిగితే, వద్దను బావగారూ, ఎట్టిపరిస్థితిలోనూ వద్దను అని చెప్పాను. అంతా సర్దుకుని ఫోన్ పెట్టేసి, తీరిగ్గా నాలుగక్షరాల కోడ్ కొట్టాను.

ప్రేక్షకులకి స్వాగతం అని వచ్చింది.

అక్కకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. తెర మీద చూస్తే ఎనిమిదో విస్తరి ముందు కూర్చున్నది ఆవిడే.