ఆ ఎలుక అలా మెరవడం లేదు

ఒంటి మీద ఎరుపు, పసుపు, నీలం మచ్చలున్న తెల్ల ఎలుక ఫొటో ఒకటి వాట్సాప్‌లో తెగ తిరుగుతోంది. కింద రాసిందిదీ: "మిణుగురు జన్యువు పెట్టడంతో ఈ ఎలుక చీకట్లో ఇలా మెరుస్తోంది. ఎక్కడ ఎర్రగా ఉందో అక్కడ జన్యువు జోరుగా పనిచేస్తోంది. ఇక ప్రయోగాలకు జంతువుల్ని చంపక్కర్లేదు. రేపు మనుషులకూ స్కానింగ్ బదులు ఇదే."

మిణుగురు జన్యువు మాట నిజమే. మిగతాది చూద్దాం.

"చీకట్లో ఇలా మెరుస్తోంది." ఫొటోలోలా కంటికి కనబడదు. ఆ జన్యువు వల్ల కణాల్లో లూసిఫెరేజ్ అనే ఎంజైమ్ తయారవుతుంది. ఆ ఎంజైమ్ పనిచేసే లూసిఫెరిన్ అనే పదార్థాన్ని ఇంజెక్షన్ ఇస్తే, కణంలోని ఆక్సిజన్, కణానికి శక్తినిచ్చే ఏటీపీ తోడై కాస్త వెలుగు పుడుతుంది. చర్మం దాటి బయటికొచ్చేది అందులో కొంచెమే. వెలుతురు చొరని పెట్టె, బాగా చల్లబరిచిన సీసీడీ కెమెరా ఉన్నది దాన్ని పట్టడానికే. రంగులు కంప్యూటర్ వేసినవి, వాతావరణ పటంలో ఎండల్ని ఎర్రగా చూపినట్టు. నీలం మచ్చ దగ్గర నీలి వెలుగేమీ ఉండదు. ఎలుక ఒంటి వేడికి మిణుగురు వెలుగు 610 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దాకా, అంటే ఎరుపు వైపే జరుగుతుంది.

"ఎర్రగా ఉంటే జన్యువు జోరు." అసలు తిరకాసు ఇక్కడే ఉంది. మనకు కావలసిన జన్యువును నడిపించే, స్విచ్ లాంటి డీఎన్ఏ ముక్క అయిన ప్రమోటర్‌ను లూసిఫెరేజ్ జన్యువుకు ముందు తగిలిస్తారు. కాబట్టి కెమెరా చూసేది ఆ జన్యువును కాదు, దాని తరఫున కబురు మోసేవాణ్ణి. ఆ కబురూ దారిలో తరుగుతుంది. సెంటీమీటరు లోతుకు వెలుగు దాదాపు పదో వంతుకు పడిపోతుంది. రక్తంలోని హిమోగ్లోబిన్ కొంత మింగేస్తుంది, నల్ల బొచ్చు ఇంకొంత. చర్మం కింద నీరసంగా పనిచేసే జన్యువు ఎర్రగా, కాలేయం లోతుల్లో గట్టిగా పనిచేసేది నీలంగా కనబడొచ్చు. లూసిఫెరిన్ ఇచ్చి ఎన్ని నిమిషాలైందన్నదీ లెక్కే. జన్యువు ఆగిపోయినా అప్పటికే తయారైన ఎంజైమ్ కొన్ని గంటలు వెలుగిస్తూనే ఉంటుంది. అందుకే రెండు అవయవాల్ని పోల్చరు. అదే ఎలుకలో, అదే చోట, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా చూస్తారు. ఈ పద్ధతి బలం అదే.

"చంపక్కర్లేదు." సగం నిజం. 1995లో స్టాన్‌ఫర్డ్‌లో శాస్త్రవేత్త కాంటాగ్ బృందం వెలుగిచ్చే సాల్మొనెల్లా బ్యాక్టీరియాను బతికున్న ఎలుకల్లోనే గమనించింది. రోజుకో గుంపును కోసి చూసే బదులు ఒకే గుంపును వారాల తరబడి చూడొచ్చు కనుక సంఖ్య తగ్గుతుంది. చివర్లో కణజాలం తీసి సరిచూడటం మాత్రం చాలా ప్రయోగాల్లో తప్పదు.

"మనుషులకూ ఇదే." ముందు మన కణాల్లో మిణుగురు జన్యువు పెట్టాలి. పెట్టినా, సెంటీమీటరుకు పదో వంతయ్యే వెలుగు మనిషి పొట్ట లోపల్నుంచి బయటికెలా వస్తుంది?