మారతహళ్లి సముద్రం

బెంగళూరుకి సముద్రం లేదని చెన్నైవాళ్లు ఇంకెన్నాళ్లు దెప్పుతారో చూస్తాను. మారతహళ్లిలో మా బావమరిది ఫ్లాటులో, నాలుగో అంతస్తులో, 800 లీటర్ల సముద్రం ఉంది. అందులో కాపురం ఒకే ఒక్క చేపది, ఎంపరర్ ఏంజెల్ ఫిష్. పేరులోనే చక్రవర్తి ఉన్నాక ఇంట్లో మిగతా నలుగురూ ఏమవుతారో వేరే చెప్పాలా.

ఇలాంటి నివాసులకి ప్రభుత్వం వెంటనే రేషన్ కార్డు ఇవ్వాలని నా డిమాండ్. 2024 మార్చిలో నీళ్లకి కటకటలాడి, తాగే నీళ్లతో కారు కడిగితే 5,000 రూపాయల జరిమానా అన్నారు, గుర్తుందా? అప్పుడు ఇంట్లో మనుషులు తలా ఒక బకెట్‌తో స్నానం కానిచ్చేవాళ్లు. దొరగారికి మాత్రం ట్యాంకర్ నీళ్లు నేరుగా పనికిరావు. ఆర్వో ఫిల్టర్లో పోసి, టీడీఎస్ అంటే నీళ్లలో కరిగిన లవణాలు సున్నాకి దించి, లీటరుకి 35 గ్రాముల లెక్కన స్పెషల్ ఉప్పు కలపాలి. ట్యాంకు మొత్తానికి 28 కిలోలు. "ఊరందరికీ ఆవకాయ పెట్టొచ్చు కదరా" అంది మా అత్తయ్య. ఒక బకెట్ శుద్ధి అయ్యేసరికి రెండు మూడు బకెట్లు బయటికి పోతాయి, వాటితో ఇల్లు తుడుచుకుంటారు, బాత్రూంలో పోసుకుంటారు, అంటే చేపకి పనికిరాని నీళ్లు మనుషులకి వస్తాయన్నమాట, దీన్ని మావాడు నీటి పొదుపు అంటాడు, ఆ పూట భోజనం వాళ్లింట్లోనే కాబట్టి నేనూ ఒప్పుకున్నాను. లక్షద్వీప్, అండమాన్ దగ్గర ఈ చేపలు ఇవేవీ అడక్కుండానే బతికేస్తున్నాయని మాత్రం అనలేదు.

"బెంగళూరులో ఏసీ ఎందుకు బావా" అనేవాడు, చేపకి మాత్రం నీళ్లు చల్లబరిచే చిల్లర్ యంత్రం పెట్టించాడు.

కొన్నప్పుడు అరచేతిలో పట్టేంత పిల్ల. ముదురు నీలం ఒంటి మీద తెల్లటి వలయాలు, చీకట్లో ముగ్గేసినట్టు. రాను రాను ఆ వలయాలు చెరిగిపోయి పసుపు చారలొచ్చాయి, కళ్లకి నల్ల గంతలొచ్చాయి. ట్యాంకు కడగడానికొచ్చే అబ్బాయి చేపని మార్చేశాడని అత్తయ్య వారం రోజులు గొడవ. నవ్వకండి. పెద్ద చేపకి 1787లో బ్లాక్ అనే జర్మన్ పండితుడు పేరు పెట్టాడు. పిల్లని చూసిన శాస్త్రజ్ఞులు అది వేరే జాతి అనుకుని నికోబార్ పేరు తగిలించారు. వాళ్లకి లేని గొడవ అత్తయ్యకేం?

ఇది 40 సెంటీమీటర్ల దాకా పెరుగుతుందట, 20 ఏళ్లు బతకొచ్చట. ఇంటి అప్పు కూడా 20 ఏళ్లే, ఏది ముందు తీరుతుందో చూడాలి. తోడుకి ఇంకో ఏంజెల్‌ని తెస్తే కొట్టుకు చస్తాయి. ట్యాంకులో బతికున్న పగడాలు పెడదామంటే కొరుకుతుంది, పైగా మన వన్యప్రాణి చట్టంలో పగడాలు పులితో పాటు మొదటి షెడ్యూల్లో, అంటే గట్టి రక్షణ ఉన్న జాబితాలో ఉన్నాయి. మొత్తానికి ఇది అచ్చం బెంగళూరు ఇంటి ఓనరు స్వభావం.

మొన్న వానకి రాత్రి రెండింటికి కరెంటు పోయింది. కాసేపటికి యూపీఎస్ కూడా కుయ్యోమని ఆగిపోయింది. మావాడు లుంగీ ఎగ్గట్టి స్టూలెక్కి, స్టీలు చెంబుతో ట్యాంకులో నీళ్లు ముంచి పైనుంచి ధారగా పోయడం మొదలుపెట్టాడు. పంపు ఆగితే నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుందట, ఇలా పోస్తే గాలి కలుస్తుందట. చెయ్యి పీకేసరికి చెంబు నాకిచ్చాడు. నాలుగింటిదాకా వంతులేసుకుని అభిషేకం చేశాం, మొబైల్ టార్చ్ పట్టుకుని మా మరదలు నిద్రలో తూలుతోంది. చక్రవర్తి గాజు దగ్గరికొచ్చి మమ్మల్ని తేరిపార చూసి లోపల్నుంచి టక్కుమని ఒక శబ్దం చేసింది. ఈ జాతి చేపలు బెదిరితే అలా చేస్తాయి.

"థాంక్స్ చెప్తోంది బావా" అన్నాడు వాడు.

తెల్లారితే ఆదివారం. అత్తయ్య కొరమీను కడుగుతుంటే మావాడు పరిగెత్తుకొచ్చి వంటింటి తలుపు మూసేశాడు, చేప చూస్తుందని.

"ఒరేయ్, ఇది చెరువు చేప. దానికీ దీనికీ ఏం చుట్టరికం?" అంది అత్తయ్య లోపల్నుంచి.