‘ఫోనూ, పదిమంది పిల్లలూ ఉంటే చాలు’: ఒక మెసేజ్‌కి ఖండన

నెల్లూరు, ఒంగోలు వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతా ఉంది. ఎండాకాలం సెలవుల్లో యూట్యూబ్‌కి పిల్లల సీరియల్ తీసుకోండని సలహా. ఊరి బడి, ఒక మంచి టీచరమ్మ, ఆమె క్లాసులో పదిమంది పిల్లలు. “ఫోనుంటే చాలు. రెండ్రోజులకు ఒక ఎపిసోడ్. పిల్లలకు ఏమీ నేర్పొద్దు, వదిలేస్తే వాళ్ళే చేస్తారు. ఏడవాల్సిన చోట కొంచెం గిల్లండి. అమ్మానాన్నలు సరేనంటే పర్మిషన్లు అక్కర్లేదు. సౌండు తర్వాత డబ్బింగులో చూసుకోవచ్చు. మన యాస పెట్టొద్దు. ఉత్త మంచి టీచరుతో కథ నడవదు, బెత్తం పట్టుకున్న విలన్ మాస్టారు ఉండాల్సిందే.” ఉన్న మాటలివి. ఫోను విషయంలో సగం నిజముంది. మిగతావి నమ్ముకుంటే సీరియల్ మొదటి వారంలోనే ఆగిపోతుంది. ఒకటి రెండు పోలీసు స్టేషను దాకా కూడా తీసుకుపోతాయి.

గిల్లడం దగ్గర మొదలుపెడదాం, అన్నిటికంటే చెడ్డ సలహా అదే గాబట్టి. తన దగ్గరున్న బిడ్డను కొట్టినా, హింసించినా బాల న్యాయ చట్టం 2015లోని 75వ సెక్షన్ కింద మూడేళ్ళ దాకా జైలు, లేదా లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ. చట్టాన్ని కాసేపు పక్కన పెట్టి పని సంగతే చూసినా గిల్లుడు నష్టమే. నొప్పికి ఏడ్చే బిడ్డ ‘కట్’ అనగానే ఆపదు. వెక్కిళ్ళు తగ్గి, కళ్ళ ఎరుపు దిగేసరికి అరగంట పోతుంది. ఆ మొహం ముందు తీసిన షాట్‌కి అతకదు. పక్కనున్న తొమ్మిదిమందీ చూసుంటారు. ఇక వాళ్ళు కెమెరా కంటే ముందు మీ చేతుల వైపు చూస్తుంటారు.

ఏడుపు సీనుకి అసలు బిడ్డ మొహమే అక్కర్లేదు. వెనక బెంచీ నుంచి వంచిన మెడ, కదిలే భుజాలు ఒక షాట్. నోటు పుస్తకం మీద రాస్తా రాస్తా ఆగిన పెన్సిలు ఇంకొకటి. పక్కన కూర్చున్న పిల్ల ఓరగా చూసి, తన కర్చీఫు బెంచీ మీద ఇటువైపు జరపడం మూడోది. చూసేవాళ్ళు మిగతాది పూరించుకుంటారు. కన్నీళ్ళు కనిపించి తీరాల్సిందే అంటే నాలుగైదుసార్లు గట్టిగా ఆవలించమనండి, కళ్ళలో నీళ్ళు అవే తిరుగుతాయి. బుగ్గ మీద జారే చుక్క కావాలంటే కాచి చల్లార్చిన నీళ్ళు డ్రాపరుతో కంటి కింద, కంట్లో కాకుండా. ఫ్యాను ఆపకుంటే ఆ చుక్క ఇట్టే ఆరిపోతుంది. గ్లిజరిను, జండూబాము లాంటివి పిల్లల కళ్ళ దగ్గరికి రానీయొద్దు.

“అమ్మానాన్నలు సరేనంటే చాలు.” చాలదు. 14 ఏళ్ళలోపు పిల్లలను పనిలో పెట్టడాన్ని నిషేధించిన చట్టాన్ని 2016లో సవరించినప్పుడు, సినిమాలు, సీరియళ్ళు, ప్రకటనల్లో నటించడానికి మినహాయింపు ఇచ్చారు. దానికి షరతులు 2017 రూల్సులో ఉన్నాయి. షూటింగ్ జరిగే జిల్లా కలెక్టరు అనుమతి ముందే తీసుకోవాలి. దరఖాస్తుతో పాటు ఫారం-సి హామీపత్రం, పిల్లల జాబితా, తల్లిదండ్రుల అంగీకారం ఇవ్వాలి. రోజుకు 5 గంటలకు మించి పని చేయించకూడదు, అందులో విరామం లేకుండా 3 గంటలు దాటకూడదు. వరసగా 27 రోజులకు మించకూడదు. ప్రతి ఐదుగురు పిల్లలకు బాధ్యుడైన మనిషి ఒకరు ఉండాలి. పదిమంది పిల్లలంటే వేరే పనేమీ పెట్టుకోని ఇద్దరు పెద్దవాళ్ళన్నమాట, కెమెరా పట్టుకున్నాయన ఆ లెక్కలోకి రాడు. బిడ్డకు వచ్చే డబ్బులో కనీసం 20 శాతం ఆ బిడ్డ పేరనే జాతీయం చేసిన బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయాలి. పిల్లలను హింసకు, నిర్లక్ష్యానికి గురిచేయలేదని తెరమీద ప్రకటన వేయాలి. బిడ్డ వద్దంటే వద్దే. “మేం డబ్బులియ్యడంలా, సరదాకి తీస్తున్నాం” అనేవాళ్ళు ఒకటి గమనించాలి: చట్టంలో కళాకారుడు అనే మాటకు ఇచ్చిన అర్థంలో వృత్తిగా చేసేవాళ్ళతో పాటు సరదాగా చేసేవాళ్ళూ ఉన్నారు.

ఆ 5 గంటల దగ్గరే ‘రెండ్రోజులకు ఒక ఎపిసోడ్’ కూలిపోతుంది. లెక్క వేసుకోండి. జడలు, యూనిఫారాలు, టిఫిను, నీళ్ళు, ఒంటేలు, మధ్యలో విరామం పోను కెమెరా ముందు మిగిలేది మూడున్నర, నాలుగు గంటలు. రెండు నిమిషాల క్లాసు సీను ఒకటి తీసుకోండి. టీచరు వైపు ఒక షాట్, బెంచీల వైపు మొత్తంగా ఒకటి, మాట్లాడే పిల్లల దగ్గరి షాట్లు మూడు. ఐదుసార్లు కెమెరా మార్చాలి. పిల్లలతో ఒక్కోదానికి ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు పట్టడం మామూలే. అంటే సీనుకు రెండు గంటలు, రోజుకు రెండు సీన్లు. 20 నిమిషాల ఎపిసోడ్‌కి అలాంటివి పది. అయిదు రోజులు. టీచరుగా చేసేవాళ్ళు బాగా అనుభవమున్నవాళ్ళయితే అర రోజు తగ్గుతుందేమో.

అందులో కొంత మిగుల్చుకునే దారి ఉంది. పొద్దున ఏడున్నరకే పిల్లల దగ్గరి షాట్లు మొదలుపెట్టండి, అప్పుడు వాళ్ళకు ఓపికుంటుంది, ఎండా తక్కువ. మే నెలలో మన వైపు రేకుల కప్పు గదిలో పదకొండు దాటితే పెద్దవాళ్ళే నిలవలేరు. బెంచీల వైపు షాట్లన్నీ అయ్యాక పిల్లలను పంపేసి, ఖాళీ బెంచీల వైపు చూస్తా టీచరు మాటలు తీసుకోవచ్చు. పిల్లల చూపులు కలవాలంటే ఆమె నిలబడిన చోట నేలమీద సుద్దముక్కతో గుర్తు పెట్టి, దాన్ని రోజంతా చెరపనీయకండి.

సీన్లు కథ వరసలో కాక ఎట్లా పడితే అట్లా తీసేవాళ్ళు మరిచిపోయేది పాలపళ్ళు. ఆరు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లల ముందుపళ్ళు చెప్పి ఊడవు. సోమవారం తలుపు తీసుకుని క్లాసులోకి వచ్చిన పాప, శుక్రవారం తీసిన లోపలి షాట్లో బోసినోరుతో నవ్వుతుంది. గుండు ఇంకా ఘోరం. సెలవుల్లో తిరుపతికో పెంచలకోనకో మొక్కు ఉండనే ఉంటుంది. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరే పెరుగుతుంది. కాబట్టి అనుమతి కాగితంతో పాటు ఇంకొక ప్రశ్న కూడా అడగాలి: ఈ రెండు నెలల్లో పుట్టువెంట్రుకలు, మొక్కులు, చెవులు కుట్టడాలు ఏమైనా ఉన్నాయా? మూడో తరగతిలోపు పిల్లలు కనిపించే సీన్లు వీలైనంత కథ వరసలోనే తీయడం మేలు. అప్పుడు పన్ను ఊడినా కథలోనే ఊడుతుంది.

ఇక ఫోను. బొమ్మ వరకూ చాలు, నిజమే, కాకపోతే ఆటోమేటిక్‌లో వదిలేస్తే కాదు. మన కరెంటు 50 హెర్ట్జులు, ట్యూబులైటు సెకనుకు 100 సార్లు వెలుగు తగ్గి పెరుగుతుంది. ఫోన్లు చాలావరకు సెకనుకు 30 ఫ్రేముల మీద వస్తాయి, షట్టరు (ఒక్కో ఫ్రేముకు వెలుగు పడనిచ్చే సమయం) సెకనులో 60వ వంతు దగ్గర పడిందంటే పాత చోకు లైట్ల కింద తెరమీద చారలు పాకుతుంటాయి. 25 ఫ్రేములు, షట్టరు 50వ వంతు లేదా 100వ వంతు పెట్టుకుంటే పోతాయి. రెండోది నల్లబోర్డు. ఫ్రేములో అంత నలుపు కనబడేసరికి ఫోను వెలుగు పెంచేస్తుంది, టీచరు మొహం సున్నం కొట్టినట్టు అవుతుంది. ఆమె చెంప మీద వేలు నొక్కిపట్టి ఎక్స్‌పోజరు లాక్ చేయాలి. కిటికీకి వీపు పెట్టి కూర్చున్న పిల్లలకు దీని తిరుగుడు, మొహాలు నల్లబడతాయి. బెంచీలు కిటికీకి అడ్డంగా తిప్పుకోవాలి. బోర్డు తడిగుడ్డతో తుడిస్తే పూర్తిగా ఆరేదాకా రాయొద్దు, మచ్చలు తేలుతాయి. ప్రతి సీను అయ్యాక బోర్డును ఫొటో తీసిపెట్టుకోండి. తేదీ, హాజరు సంఖ్యతో సహా మళ్ళీ అదే రాయాల్సి వస్తుంది.

కెమెరా ఎత్తు గురించి ఆ మెసేజ్‌లో ఒక్క ముక్క లేదు, పిల్లల కథకు ఉండాల్సింది అదే. బెంచీ మీద కూర్చున్న బిడ్డ కన్ను నేలనుంచి మూడడుగుల దగ్గర్లో ఉంటుంది, చాప మీదయితే రెండడుగులు. కెమెరా అక్కడ ఉండాలి. పెద్దవాళ్ళ ఎత్తునుంచి తీస్తే కనిపించేవి పాపిట్లే. కెమెరా కిందుంటే టీచరమ్మ బిడ్డ దగ్గరకొచ్చి వంగినప్పుడు ఆమె మొహం ఫ్రేములోకి దిగుతుంది. ఆమె మంచిదని ఎవరూ నోటితో చెప్పక్కర్లేదు.

సౌండు డబ్బింగులో చూసుకుందామనే మాట పెద్దవాళ్ళ సినిమాలకు కుదిరింది. ఎనిమిదేళ్ళ బిడ్డ నెల తర్వాత మైకు ముందు నిలబడి తన పెదాలకు తానే మాట అతికించలేదు. పెద్దవాళ్ళు గొంతు సన్నం చేసి చెబితే ఎంత నవ్వులాటగా ఉంటుందో అందరం వినే ఉంటాం. అక్కడికక్కడ రికార్డు చేసుకోవాల్సిందే. క్లాసు గదిలో ఒకసారి చప్పట్లు కొట్టి వినండి. సిమెంటు నేల, గచ్చు గోడలు, ‘ఠప్’మన్న మోత తిరిగొస్తుంది. కెమెరాకు కనపడని గోడలకు బొంతలు, దుప్పట్లు వేలాడదీయండి, బెంచీల కింద పట్టాలు పరవండి. మైకు బిడ్డ నోటికి మూరెడు, రెండు మూరల దూరంలో పైనుంచి కర్రకు కట్టాలి. కాలరు మైకులు యూనిఫారం గుడ్డకు రాసుకుని గరగరమంటాయి, పైగా పిల్లల చేయి ఊరికే ఉండదు. టేకు నడిచేటప్పుడు ఫ్యాన్లు ఆపాలి. అందుకే టేకులు పొట్టిగా ఉండాలి. ప్రతి గదిలో అందరినీ ఊరకుండమని అరనిమిషం ఖాళీ చప్పుడు తీసిపెట్టుకుంటే కత్తిరింపుల మధ్య అతుకులు వినపడవు.

“వదిలేస్తే వాళ్ళే చేస్తారు.” వదిలేస్తే కెమెరా వైపు చూస్తారు, తప్పేం లేదు, పిల్లలు. మొదటి రోజు ఏమీ తీయకుండా కెమెరా స్టాండు మీద పెట్టి మామూలు ఆటలు ఆడించండి, రెండోపూటకు దాని సంగతి మరిచిపోతారు. డైలాగు కాగితం చేతికియ్యొద్దు. ఇచ్చారంటే పద్యం అప్పజెప్పినట్టు అప్పజెబుతారు. సంగతి చెప్పి, మాట వాళ్ళనే అననీయండి. ఒక ఊపిరిలో పడే పొడవే ఉండాలి, ఏడెనిమిది మాటలు. నాలుగో టేకు దాటితే రాగం వచ్చేస్తుంది. అప్పుడు సీను ఆపి వేరే పిల్లతో ఇంకోటి తీసుకుని, ఇంటర్‌బెల్లు తర్వాత దీనికి రండి.

యాస గొడవ ఇక్కడే తేలిపోతుంది. “నేను నిన్న బడికి రాలేకపోయాను టీచర్” అని నేర్పితే అయిదు టేకులు. “నిన్న రాలేదు టీచర్, మా నాయన రొయ్యల గుంట కాడికి తీసకపొయినాడు” ఒకే టేకు. బడికి ఎందుకు రాలేదు, ఇంట్లో ఏం జరుగుతోంది అన్నీ అందులోనే వచ్చేశాయి.

మిగిలింది విలన్ మాస్టారు. బెత్తం లేకుంటే బడి అనిపించదట. విద్యాహక్కు చట్టం 2009లోని 17వ సెక్షన్ బడిలో శారీరక దండననూ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. బెత్తాన్ని కథలో చూపొద్దని ఎవరూ అనరు, అది లేకుండా కథే లేదనడమే తప్పు. అర్జెంటీనాలో అబేల్ శాంతా క్రూస్ రాసిన మంచి టీచరమ్మ కథ 1966లో టీవీకెక్కింది. అదే కథను మెక్సికో వాళ్ళు 1989లో ‘కారుసెల్’ పేరుతో తీశారు, బ్రెజిల్ వాళ్ళు 2012లో మళ్ళీ తీశారు. ఈ రెండూ 300 ఎపిసోడ్లకు పైగా నడిచాయి. మెక్సికోది కొరియా భాషలోకి కూడా పోయింది. వాటిలో టీచరు మంచిదే. గొడవంతా బెంచీల మధ్య ఉంటుంది: వడ్రంగి కొడుకైన నల్లజాతి పిల్లాడికి డాక్టరు కూతురంటే ప్రాణం, ఆ పిల్లకు వాడంటే చిన్నచూపు. టీచరు మంచితనం వల్ల ఆ చిన్నచూపు ఒక్కరోజులో పోదు. కథ అంతకాలం నడిచింది అందుకే.

మంచి టీచరుతో కథ నడవాలంటే ఆమె చేయలేని పని ఒకటి ఉండాలి. మన దగ్గర దొరికే కథే చూడండి. నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగలో ఏడో తరగతి పిల్లాడు ఒకడు నిరుడు చదువు బాగా రావాలని కోరుకుని, చెరువు నీళ్ళలో నిలబడి చదువు రొట్టె పట్టుకున్నాడు. కోరిక తీరితే ఈ ఏడు రొట్టె తెచ్చి ఇంకొకరికి ఇవ్వాలి. లెక్కల్లో పాసుకు ఒక్క మార్కు తక్కువ వచ్చింది. “ఒక్కటి కలపండి టీచర్, మాయమ్మ పిండి కూడా కలిపేసింది” అంటాడు. ఆమె కలపదు. పేపరు ముందు పెట్టుకుని, ప్రతి కూడికలోనూ చేతిలో ఉంచుకున్న అంకెను వీడు మరిచిపోతున్నాడని కనిపెట్టి, ఇంటర్‌బెల్లులో వాడి పక్కన కూర్చుని అదొక్కటే చేయిస్తుంది. మార్కు మాత్రం మారదు. అమ్మ చేసిన రొట్టెతో వాడు చెరువులోకి దిగాడు. ఎవరో “చదువు రొట్టె ఉందా నాయనా?” అని అడిగారు. వాడు చేతిలోది చూసుకుని, “లేదు, నేనూ దానికే వచ్చినా” అన్నాడు.

ఆ సీను కోసం పండుగ రోజు దర్గా దగ్గరున్న స్వర్ణాల చెరువులోకి పిల్లలను దింపొద్దు, లక్షల మంది జనం. ఊరి చెరువు గట్టున, బిడ్డకు మోకాలి లోతు దాటని చోట, ఒడ్డున ఈతొచ్చిన మనిషిని పెట్టుకుని తీయండి. చీరలు కట్టిన నలుగురు, తలకు గుడ్డ కట్టిన ఇద్దరు ఉంటే దగ్గరి ఫ్రేముకు జనం సరిపోతారు. రొట్టెలు మాత్రం ఇరవై దాకా చేయించండి. ఒకసారి నీళ్ళు తగిలాయంటే అంచు మెత్తబడి రెండో టేకుకు చేతిలోనే విరిగిపోతుంది.