‘కోమా’ చదివి సంతకం పెట్టొద్దనే మెసేజ్‌కి నా జవాబు

అవయవదానానికి సంతకం పెట్టొద్దనే ఆ మెసేజ్ ఈ వారంలో నాకు ఐదుసార్లు వచ్చింది. మైలాపూర్‌లో మా తెలుగు పుస్తకాల గ్రూపు నుంచి రెండుసార్లు, మా వదిన దగ్గర్నుంచి ఒకసారి, కాలేజీ స్నేహితురాళ్లు ఇద్దరి నుంచి చెరోసారి. “రాబిన్ కుక్ అభిమానులారా, మేల్కోండి” అని మొదలై, ఆరు పాయింట్లు చెప్పి, “పదిమందికి పంపండి” అని ముగుస్తుంది. రాబిన్ కుక్ అంటే ఆస్పత్రుల చుట్టూ థ్రిల్లర్ నవలలు రాసే అమెరికన్ రచయిత. మొదటి రెండుసార్లు పైపైన చూసి ఊరుకున్నాను. మూడోసారి నాలుగో పాయింట్ పూర్తిగా చదివాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మెసేజ్‌లో ఉన్నది ఇదీ. ఒకటి: ఆయనకి ఎనభై దాటాయి, పుస్తకాలు ఇంకెవరో రాసిపెడుతున్నారు. రెండు: 2024 చివర్లో వచ్చిన ‘బెల్‌వ్యూ’లో దయ్యాల్ని పెట్టి పాఠకుల్ని మోసం చేశాడు. మూడు: డాక్టర్ల భాష ఎక్కువై ఏమీ అర్థం కాదు. నాలుగు: “మొదటి నవల ‘కోమా’లోనే నిజం చెప్పేశాడు. బ్రెయిన్ డెడ్ అన్నది ఆస్పత్రుల నాటకం. బతికున్నవాళ్ల అవయవాలు కోసి అమ్ముకుంటారు. ఎక్కడా సంతకం పెట్టకండి.” ఐదు: పుస్తకం ధర ఎక్కువ. ఆరు: మెడికల్ థ్రిల్లర్ల కాలం అయిపోయింది.

చిన్నవి ముందు తేల్చేస్తాను. ఆయన 1940లో పుట్టారు, వయసు మాట నిజమే. ఇంకెవరో రాస్తున్నారన్నదానికి మాత్రం మెసేజ్‌లో ఒక్క ఆధారమూ లేదు. పుస్తకం నచ్చకపోతే నచ్చలేదని చెప్పాలి గానీ, రాసినవాడే వేరని ఎలా అంటారు? డాక్టర్ల భాష గురించి ఏం చెప్పను! ఆయన స్వయంగా కంటి డాక్టరు. ఆ భాష కోసమే కదా మనం ఆయన్ని చదివింది. ధర ఎక్కువైతే లైబ్రరీ ఉంది, సెంట్రల్ స్టేషన్ పక్కన మూర్ మార్కెట్ పాత పుస్తకాల కొట్లున్నాయి. నేను ‘కోమా’ కొన్నది అక్కడే, అట్ట చిరిగిన కాపీ. ఆరోదానికి జవాబు అక్కర్లేదు.

రెండో పాయింట్‌తో నాకు పేచీ లేదు. నేనూ నిరాశపడ్డాను. కొత్తగా చేరిన కుర్ర సర్జన్‌కి న్యూయార్క్‌లోని పాత ఆస్పత్రిలో చనిపోయినవాళ్లు కనిపిస్తుంటారు. అతని పూర్వీకులు అక్కడే సర్జన్లు. మంచి ఎత్తుగడే. నేను మాత్రం ప్రతి అధ్యాయంలోనూ కారణం కోసం వెతుక్కున్నాను. మందు వికటించిందా, నిద్రలేమా, మెదడులో ఏదైనా గడ్డా? ఆయన పుస్తకాల్లో మనకి అలవాటైన సుఖం అదే. ఎంత భయంకరమైన చావుకైనా వెనకాల ఒక కారణం ఉంటుంది, దాన్ని పట్టుకునే డాక్టరొకరు ఉంటారు. ఆయన నవలల్లోని డాక్టర్లు జాక్ స్టేపుల్టన్, లారీ మాంట్‌గొమరీ పోస్ట్‌మార్టం టేబుల్ దగ్గర పట్టుకున్నట్టు. దయ్యమే కారణమైతే ఇక పట్టుకోవడానికి ఏముంది? పుస్తకం మూసి పక్కన పెట్టేశాను, మళ్లీ తీయడానికి వారం పట్టింది. మోసం అనను గానీ, బాధపడినవాళ్లతో నేనూ ఉన్నాను.

ఇక నాలుగోది.

ముందు ఒక చిన్న తప్పు. ఆయన మొదటి నవల ‘కోమా’ కాదు. 1972లో ‘ఇయర్ ఆఫ్ ది ఇంటర్న్’ వచ్చింది, ‘కోమా’ 1977లో. పోనీ అది వదిలేద్దాం. ‘కోమా’లో కథేమిటి? బోస్టన్‌లో ఒక పెద్ద ఆస్పత్రి. చిన్న ఆపరేషన్లకి వచ్చిన ఆరోగ్యవంతులకి ఎనిమిదో నంబరు థియేటర్‌లో ఆక్సిజన్‌కి బదులు కార్బన్ మోనాక్సైడ్ ఎక్కిస్తారు. వాళ్లని ఇంకోచోటికి తరలించి, తీగలతో వేలాడదీసి ఉంచి, గిరాకీ వచ్చినప్పుడు అవయవాలు అమ్ముతారు. చదువుతుంటే ఒళ్లు జలదరిస్తుంది. కానీ అది కల్పన. కల్పనని సాక్ష్యంగా చూపించి ఐసీయూ బయట నిలబడ్డ తల్లికి సలహా ఇస్తారా?

ఆ నవల్లో ఉన్నది హత్య, నిల్వ, అమ్మకం. బ్రెయిన్ డెడ్ అంటే అది కాదు. కోమాలో ఉన్న మనిషి మెదడు కాండం, అంటే మెదడు అడుగున ఊపిరిని నడిపే భాగం (బ్రెయిన్ స్టెమ్), కొంతైనా పనిచేస్తూనే ఉంటుంది, చాలామంది సొంతంగా ఊపిరి తీస్తారు, కొందరు కోలుకుంటారు కూడా. మెదడు కాండమే చచ్చిపోతే ఊపిరి తీయమని చెప్పేది ఇక ఏదీ లేదు. గుండెకి తనంతట తాను కొట్టుకునే గుణం ఉంది కాబట్టి వెంటిలేటర్ ఆక్సిజన్ అందిస్తున్నంతసేపు కొట్టుకుంటుంది. అదీ సాధారణంగా కొద్ది రోజులే. అలాంటి దేహాన్ని నెలల తరబడి దాచిపెట్టుకోవడం నవల్లో సాగుతుందేమో, ఐసీయూలో మామూలుగా సాగేది కాదు.

మన దేశంలో 1994 అవయవ మార్పిడి చట్టం ప్రకారం బ్రెయిన్ డెడ్ అని తేల్చాల్సింది నలుగురు డాక్టర్లు. కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షలు చేయాలి. అవయవాలు మార్చే టీమ్‌లోని డాక్టర్లు ఆ నలుగురిలో ఉండకూడదు. ఆ తర్వాత కూడా ఇంట్లోవాళ్లు సంతకం పెడితేనే ముందుకెళ్తారు.

ఇవన్నీ నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. మా పిన్ని కొడుకు చెన్నై నుంచి దక్షిణానికి వెళ్లే జీఎస్‌టీ రోడ్డు మీద బైకు మీంచి పడ్డాడు. మూడో రోజు పరీక్షలు చేసేటప్పుడు బాబాయిని, నన్ను లోపలికి రానిచ్చారు. డాక్టరు వాడి కనురెప్పలు ఎత్తి పట్టుకుంటే, ఇంకొకాయన సిరంజితో చెవిలో ఐసు నీళ్లు పోశారు. మెదడు కాండం బతికుంటే కళ్లు కదలాలట. కదల్లేదు. తర్వాత వెంటిలేటర్ తీసి, సన్నటి గొట్టంతో ఆక్సిజన్ మాత్రం ఉంచి ఆగారు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగేకొద్దీ ఒక్క ఊపిరైనా తన్నుకు రావాలి. వాడి ఛాతీ మీద ఆకుపచ్చ దుప్పటి. ఆ దుప్పటి మడత ఒక్కసారి లేస్తుందేమోనని నేనూ బాబాయీ కళ్లార్పకుండా చూస్తూ నిలబడ్డాం. లేవలేదు. ఆరు గంటలు దాటాక మళ్లీ అన్నీ మొదటినుంచి చేశారు. అప్పుడూ లేవలేదు.

నాటకమా అది? ఈ మెసేజ్ రాసినాయన ఎప్పుడైనా ఆ మంచం పక్కన నిలబడ్డాడా?

బయట పిన్ని “చెయ్యి వెచ్చగా ఉందే, గుండె కొట్టుకుంటోందే” అని నన్ను పట్టుకుని అడుగుతూనే ఉంది. కౌన్సెలర్ వచ్చి అవయవదానం గురించి నెమ్మదిగా మాట్లాడింది, బలవంతం చేయలేదు. బాబాయి సరేనన్నాడు. అప్పుడు ఆయన అన్నయ్య ఫోన్ తీసి చూపించారు. ఇవే మాటలు. “నవల్లోనే రాశారట, వీళ్లు బతికుండగానే కోసేస్తారు.” పిన్ని వద్దంది. కన్నతల్లి వద్దంటే ఇంకెవరం అడుగుతాం? మర్నాడు మధ్యాహ్నం వాడి గుండె దానంతటదే ఆగిపోయింది. రోడ్డు ప్రమాదం కేసు కాబట్టి పోస్ట్‌మార్టం ఎలాగూ తప్పలేదు. కోయనివ్వకూడదని సంతకం పెట్టని పిల్లాడిని కోసి, కుట్టి, ఇచ్చారు. ఎవరికీ ఏమీ దక్కలేదు.

ఇదే చెన్నైలో 2008 సెప్టెంబరులో ఏం జరిగిందో గుర్తుచేసుకోండి. తిరుక్కళుకుండ్రం డాక్టర్ దంపతుల కొడుకు, పదిహేనేళ్లవాడు, ప్రమాదంలో బ్రెయిన్ డెడ్ అయ్యాడు. ఆ తల్లిదండ్రులు వాడి అవయవాలు ఇచ్చేశారు. పోలీసులు ట్రాఫిక్ ఆపితే తేనాంపేట నుంచి మొగప్పేర్‌కి గుండె నిమిషాల్లో చేరి, ఒక చిన్నపిల్లకి అమరింది. బ్రెయిన్ డెడ్ బూటకమైతే ఆ సంగతి అందరికంటే ముందు తెలియాల్సింది డాక్టర్లకి కాదా? తెలిసిన వాళ్లే తమ కొడుకుని ఇచ్చారు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకుంటాను. ఈ భయం గాలిలోంచి పుట్టలేదు. ఇదే ఊళ్లో విల్లివాక్కంని ‘కిడ్నీవాక్కం’ అనే రోజులున్నాయి. అప్పులపాలైనవాళ్ల కిడ్నీలు బ్రోకర్లు కొన్నారు. 2004 సునామీ తర్వాత ఎర్నావూరు నుంచీ అవే కథలు విన్నాం. డబ్బున్నవాళ్ల కోసం లేనివాళ్లని కోసిన చరిత్ర మనది, దాన్ని నేను దాచను. అక్కడ మోసపోయింది బతికున్న పేదవాళ్లు, మోసం చేసింది డబ్బు ఆశ చూపిన బ్రోకర్లు. ఆ వ్యాపారాన్ని అరికట్టడానికే 1994 చట్టం వచ్చింది, అయినా పూర్తిగా ఆగలేదు. కోపం ఉంటే ఆ బ్రోకర్ల మీద చూపించండి. పైగా చనిపోయినవాళ్ల నుంచి అవయవాలు అందకపోతే ఆ బ్రోకర్లకే గిరాకీ పెరుగుతుంది. ఈ మెసేజ్ పంపేవాళ్లు ఆ సంగతి ఒక్క క్షణం ఆలోచించారా?

తమిళనాడులో 2023 సెప్టెంబరు నుంచి అవయవదాతలకి ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు చేస్తున్నారు. ఒకరోజు టీవీలో ఎవరో పిల్లాడికి కలెక్టరు పూలదండ వేయడం పిన్ని చూసింది. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత వంటింట్లోకి వచ్చి, “మనమూ ఇచ్చి ఉంటే వాడి గుండె ఎక్కడో ఒకచోట ఉండేది కదే” అంది. నా దగ్గర జవాబు లేదు.

వదినా, గ్రూపులో ఉన్న అక్కలారా, అన్నయ్యలారా, మిగతా ఐదూ మీ ఇష్టం. ‘బెల్‌వ్యూ’ బాగాలేదని ఎన్నిసార్లు రాసినా నేనూ వంతపాడతాను. ఆ నాలుగోది మాత్రం తీసేసి పంపండి. మా పిన్ని నంబరుకి మాత్రం అసలేదీ పంపకండి.