గామా పహిల్వాన్‌కి ఈ అబద్ధాల బరువు ఎందుకు?

దేశ విభజనకు ముందు కాలపు మేటి కుస్తీ యోధుడు గామా పహిల్వాన్ పేరుతో వాట్సాప్‌లో ఒక మెసేజ్ ఏళ్ళ తరబడి తిరుగుతోంది. మే నెలలో ఆయన జయంతి రాగానే మళ్ళీ ప్రాణం పోసుకుంటుంది. అందులో ఉండేది ఇదీ: గామా 1,200 కిలోల బండరాయిని గుండెలకెత్తుకుని నడిచాడు. 5,000 కుస్తీలు పట్టి అన్నీ గెలిచాడు. లండన్ వెళ్ళి ప్రపంచ ఛాంపియన్లందరినీ మట్టి కరిపించాడు. బ్రూస్‌లీకి గురువు. ఈ చరిత్రనంతా బ్రిటిష్ వాళ్ళు తొక్కిపెట్టారు.

పంపేవాళ్ళది అభిమానమే, కాదనను. నాకూ ఆయనంటే ప్రాణం. కానీ ఈ మెసేజ్ చదివినవాళ్ళకి ఆయన గోదాలో ఏం చేశాడో, ఎలా చేశాడో ఒక్క ముక్క తెలియదు. అదే నా బాధ.

రాయితో మొదలుపెడదాం. ఆ రాయి బరోడా మ్యూజియంలో నిజంగానే ఉంది. 1902లో గామా దాన్ని ఎత్తాడని దాని మీద చెక్కి కూడా ఉంది. సుమారు రెండున్నర అడుగుల ఎత్తుంటుంది. అయితే 1,200 కిలోలంటే ఒక చిన్న కారు కంటే ఎక్కువ బరువు. ఐస్‌లాండ్ బలశాలి హఫ్‌థోర్ బ్యోర్న్‌సన్ 2020లో 501 కిలోల డెడ్‌లిఫ్ట్ చేస్తే ప్రపంచమంతా నోరెళ్ళబెట్టింది. ఆయన ఆరడుగుల తొమ్మిది అంగుళాల మనిషి, బరువు రెండొందల కిలోలు. పైగా ఆయన ఎత్తింది పట్టుకోవడానికి వీలుగా చేసిన ఇనప కడ్డీని, అదీ తొడల దాకా, కొన్ని క్షణాలు. గామా ఎత్తు ఐదడుగుల ఏడెనిమిది అంగుళాలు, బరువు తొంభై కిలోల చిల్లర. చేతులకి సరిగ్గా పట్టు కూడా దొరకని రాయిని అంతకి రెట్టింపు పైన బరువుతో గుండెలకెత్తుకుని నడిచాడంటే ఎలా నమ్మేది? ఒక అంచు పట్టి లేపి కదిలించాడంటే నమ్ముతాను, చేతులెత్తి దణ్ణం పెడతాను. రాతి మీద చెక్కిన మాట జనం ఆయన్ని ఎంత ఆరాధించారో చెబుతుంది. అది తూకం చీటీ కాదు.

ఇక 5,000 కుస్తీల లెక్క. ముప్ఫై ఏళ్ళు ఆగకుండా పట్టాడనుకున్నా ఏడాదికి 160 పైచిలుకు, అంటే రెండు రోజులకొకటి పడుతుంది. సంస్థానాల్లో పెద్ద దంగల్ (కుస్తీ పోటీ) అంటే నెలల తరబడి తయారీ, ఊరూరా చాటింపు, రాజుగారి అనుమతి. అలాంటివి రెండు రోజులకొకటి జరగవు. రోజూ అఖాడాలో, అంటే కుస్తీ సాధన చేసే చోట, నలభై మందితో జోడీ కట్టేవాడని పంజాబ్‌లో చెప్పుకుంటారు. ఆ సాధన కుస్తీలన్నీ పోటీల ఖాతాలో కలిపేస్తే తప్ప ఈ అంకె రాదు.

‘అన్నీ గెలిచాడు’ అనేది ఇంకా పెద్ద పొరపాటు. ఓడిపోలేదు అనండి, ఒప్పుకుంటాను. ఓడకపోవడం, అన్నీ గెలవడం ఒకటి కాదు. 1895లో గామాకి పదిహేడేళ్ళు. గుజ్రన్‌వాలా వస్తాదు రహీం బక్ష్ సుల్తానీవాలా మీద సవాలు విసిరాడు. రహీం బక్ష్ దాదాపు ఏడడుగుల మనిషి, అప్పటికే పేరు మోసినవాడు. కుర్రాడు నిమిషాల్లో పడిపోతాడనుకుంటే చాలాసేపు నిలబడ్డాడు, కుస్తీ తేలలేదు. ఆ తర్వాత మళ్ళీ తలపడ్డా తేలలేదు. చివరికి లండన్ నుంచి తిరిగొచ్చాక అలహాబాద్‌లో గామా గెలిచాడు. తన కంటే అడుగు ఎత్తున్న మనిషిని పడగొట్టడానికి పదిహేనేళ్ళు వేచి ఉన్నాడు! ఆరేళ్ళ వయసులో తండ్రి పోయి, తాత చేతుల్లో, మేనమామ చేతుల్లో పెరిగి, పదేళ్ళకే 1888లో జోధ్‌పూర్‌లో నాలుగొందల మంది పైగా పహిల్వాన్ల మధ్య దండీలు బస్కీలు తీసి చివరి పదిహేను మందిలో నిలిచిన పిల్లవాడి ఓర్పు అది. మెసేజ్ రాసినవాళ్ళు ఈ కథని తీసేసి దాని స్థానంలో ఒక సున్నాల అంకె పెట్టారు.

లండన్ విషయం కొంచెం నిదానంగా చెప్పాలి.

1910లో గామా, ఆయన తమ్ముడు ఇమాం బక్ష్, మరికొందరు ఇంగ్లండ్ వెళ్ళారు. ఏ బరువువాళ్ళయినా సరే, ముగ్గురిని అరగంటలో పడేస్తానని గామా ప్రకటించాడు. అందరూ ఉత్త బడాయి అనుకున్నారు. అప్పుడు అమెరికన్ బెంజమిన్ రోలర్ ముందుకొచ్చాడు. గామా అతన్ని మొదటిసారి 1 నిమిషం 40 సెకన్లలో, రెండోసారి 9 నిమిషాల 10 సెకన్లలో పడేశాడు. ఆ తర్వాత సెప్టెంబర్ 10న పోలండ్ యోధుడు స్టానిస్లాస్ జిబిస్కోతో అసలు పోటీ. గామా కంటే ఇరవై కిలోలకు పైగా బరువైనవాడు.

మెసేజ్ ప్రకారం గామా అతన్ని చిత్తుగా ఓడించాడు. జరిగింది వేరు. మొదటి నిమిషంలోనే జిబిస్కో కిందికొచ్చాడు. వచ్చినవాడు మోకాళ్ళ మీద, మోచేతుల మీద బోర్లా అతుక్కుపోయాడు. రెండున్నర గంటలకు పైగా గామా లాగాడు, తిప్పాడు, మెడ పట్టాడు, కాలు పట్టాడు. మనిషి వెల్లకిలా తిరగలేదు. చీకటి పడేసరికి డ్రా అన్నారు. వారం తర్వాత, 17న మళ్ళీ పోటీ పెడితే జిబిస్కో రాలేదు. గామాని విజేతగా ప్రకటించి జాన్ బుల్ అనే ఛాంపియన్ బెల్టు ఇచ్చారు.

ఇందులో సిగ్గుపడాల్సింది ఏముంది? గామా నేర్చింది మట్టి గోదా కుస్తీ. నిలబడి పట్టు పట్టాలి, ఎత్తి వెయ్యాలి, రెండు భుజాలూ నేలకి ఆనించాలి. లండన్‌లో పరుపు మీద ఆడేది క్యాచ్ రెజ్లింగ్. అందులో కింద అతుక్కుని కాపాడుకోవడం కూడా ఒక విద్యే. తనకి అలవాటు లేని నేల మీద, అలవాటు లేని ఆటలో, అంత బరువైనవాణ్ణి రెండున్నర గంటలు లేవనివ్వకుండా అదిమిపెట్టాడు. ఇక 1928లో పటియాలాలో ఇద్దరూ మళ్ళీ కలిశారు. ఈసారి మన మట్టి, మన పద్ధతి. నిమిషం కూడా పట్టలేదు, జిబిస్కో వెల్లకిలా పడ్డాడు. అప్పటికి ఇద్దరికీ దగ్గర దగ్గర యాభై ఏళ్ళు. లండన్ డ్రాని దాచేస్తే పటియాలా గెలుపులో రుచి ఎక్కడుంటుంది?

ప్రపంచ ఛాంపియన్లందరినీ ఓడించాడన్నదీ అంతే. ఆ కాలంలో జగజ్జెట్టీలంటే ఫ్రాంక్ గాచ్, జార్జ్ హ్యాకెన్‌ష్మిట్. గామా గాచ్‌కి పేరు పెట్టి సవాలు విసిరాడు. ఇద్దరిలో ఎవరూ ఆయనతో గోదాలోకి దిగలేదు. దిగని వాళ్ళని ఓడించాడని రాయడం గామాకి గౌరవం కాదు.

బ్రిటిష్ వాళ్ళు దాచిపెట్టారా? రోలర్ ఎన్ని సెకన్లలో పడ్డాడో ఈరోజు మనం చెప్పగలుగుతున్నామంటే, ఆనాటి ఇంగ్లీషు పత్రికలు అచ్చు వేశాయి కాబట్టే. వాళ్ళ దోపిడీ గురించి మాట్లాడటానికి వేరే విషయాలు కొండంత ఉన్నాయి.

బ్రూస్‌లీ మాట త్వరగా ముగిస్తాను. ఆయన 1940లో పుట్టాడు, హాంకాంగ్‌లో ఇప్ మాన్ దగ్గర వింగ్ చున్ అనే చైనా యుద్ధవిద్య నేర్చాడు, 1959లో అమెరికా వెళ్ళాడు. గామా పోయేనాటికి ఆయనకి పందొమ్మిదేళ్ళు. ఇద్దరూ కలిసిన దాఖలా లేదు. గామా కసరత్తు గురించి చదివి దండీలని తన సాధనలో చేర్చుకున్నాడన్నది మాత్రం నిజం. చదివి నేర్చుకున్నవాణ్ణి శిష్యుడని పిలవాలనుకుంటే మీ ఇష్టం, కానీ మెసేజ్‌లో ‘ఎదురుగా కూర్చోబెట్టి నేర్పాడు’ అని ఉంది.

ఈ మెసేజ్ కింద ఎవరో ఒకరు తప్పకుండా పెట్టే వ్యాఖ్య ఇంకొకటుంది: ‘పాకిస్థాన్‌లో ఉండిపోయాడుగా, మనకెందుకు?’ 1947లో గామా లాహోర్‌లో ఉన్నాడు. ఆ అల్లర్లలో తన వీధిలోని హిందువుల మీదికి వచ్చిన మూకకి తన పహిల్వాన్లతో అడ్డంగా నిలబడ్డాడు. చివరి రోజుల్లో జబ్బు, డబ్బుకి కటకట. అప్పుడు సరిహద్దుకి ఇవతలి నుంచి పారిశ్రామికవేత్త జి.డి. బిర్లా రూ. 2,000 పంపి, నెలకి రూ. 300 పెన్షన్ ఏర్పాటు చేశాడు. 1960 మే 23న గామా లాహోర్‌లోనే కన్నుమూశాడు. వచ్చే మే నెలలో ఫార్వర్డ్ చేసేవాళ్ళు బండరాయి తీసేసి ఈ నాలుగు వాక్యాలు పెట్టండి.