బంతి అంటుకుంటే స్పిన్ వచ్చేసినట్టేనా?

టేబుల్ టెన్నిస్ ఆడేవాళ్ల మధ్య, ముఖ్యంగా పిల్లల్ని కోచింగ్‌కి తీసుకెళ్లే తల్లిదండ్రుల మధ్య, ఒక సలహా చాలాకాలంగా తిరుగుతోంది. బ్యాట్‌కి అంటించే కొత్త రబ్బర్ ఎలాంటిదో తెలుసుకోవడానికి అయిదు నిమిషాలు చాలు అంటుంది ఆ సలహా. బంతిని రబ్బర్‌కి అదిమి బ్యాట్ తిరగేయండి, బంతి పడిపోకుండా అంటుకుని ఉంటే స్పిన్ బాగా వస్తుంది. అడుగు ఎత్తు నుంచి బంతిని వదలండి, ఎంత పైకి లేస్తే అంత స్పీడు. రబ్బర్ అడుగున ఉండే స్పాంజ్ పొరకి గట్టిదనం చెప్పే డిగ్రీలు ఎక్కువ ఉన్నదే పెద్ద ఆటగాళ్ల రబ్బర్. ప్యాకెట్ మీది స్పీడ్, స్పిన్ అంకెలు పోల్చి ఎక్కువున్నది తీసుకోండి. స్పాంజ్ మందం ఎప్పుడూ మ్యాక్స్. అంటించాక కాసేపు నాకింగ్ (బంతిని ఒకే తీరున అటూ ఇటూ కొట్టుకోవడం) చేస్తే మిగతాదీ తెలిసిపోతుంది.

ఒక మంచి రబ్బర్‌కి ఇవాళ వేల రూపాయలు పెడుతున్నాం. గట్టిగా సాధన చేసే పిల్లల చేతిలో అది కొన్ని నెలలకే అరిగిపోతుంది. అంత డబ్బు ఇలాంటి పరీక్షల్ని నమ్మి పెట్టడం నాకు బాధగా ఉంటుంది. డబ్బుకన్నా పెద్ద నష్టం ఏమిటంటే, చేతికి సరిపడని రబ్బర్‌తో ఆడీ ఆడీ పిల్లల స్ట్రోక్ పాడవుతుంది.

ముందు అంటుకోవడం సంగతి చూద్దాం. ఎక్కువమంది నమ్మేది ఇదే.

బంతి బరువు 2.7 గ్రాములు. బ్యాట్ తిరగేసినప్పుడు రబ్బర్ చేసే పనల్లా ఆ 2.7 గ్రాముల్ని పడిపోకుండా పట్టుకోవడం. ఆటలో పని వేరు. సెకనుకు 10 మీటర్ల వేగంతో వచ్చిన బంతిని మీరు 15 మీటర్ల వేగంతో తిరిగి కొట్టారనుకోండి. బంతి రబ్బర్‌ని తాకి ఉండేది సుమారుగా సెకనులో వెయ్యో వంతు. లెక్క కడితే ఆ కాస్త సమయంలో రెంటి మధ్యా సగటున 65 న్యూటన్లకు పైగా బలం పనిచేస్తుంది. అంటే దాదాపు ఏడు కిలోల బరువు మోపినంత, బంతి సొంత బరువుకి రెండు వేల రెట్ల పైమాట. అంత ఒత్తిడిలో పైపొర మీది జిగట వాటా చాలా చిన్నది.

దిశ కూడా వేరు. తిరగేసిన బ్యాట్ మీద బంతి రబ్బర్ నుంచి నేరుగా ఊడిరావడానికి చూస్తుంది. స్పిన్ మాత్రం రబ్బర్ బంతిని పక్కకి ఒరుసుకుంటూ వెళ్లినప్పుడు పుడుతుంది. బంతి స్పాంజ్‌లోకి దిగుతుంది, పైన ఉన్న రబ్బర్ పొర, అంటే టాప్‌షీట్, సాగుతుంది, దాని అడుగున ఉన్న చిన్న బొడిపెలు, అంటే పింపుల్స్, పక్కకి వంగుతాయి, తిరిగి నిటారుగా లేస్తూ బంతిని తిప్పి పంపుతాయి. ఈ వంగడం, లేవడం ఎంత బాగా జరుగుతుందన్నదే స్పిన్‌లో ప్రధానం. బంతిని అదిమి వేలాడదీస్తే ఇందులో ఏదీ కదలదు.

బటర్‌ఫ్లై కంపెనీ 2008లో తెచ్చిన టెనర్జీ 05 రబ్బర్‌ని చూడండి. దానికి బంతి అంటుకుని వేలాడదు. అయినా లూప్ (బంతిని కింది నుంచి పైకి ఒరుసుకుంటూ తిప్పి కొట్టే స్ట్రోక్) స్పిన్‌కి ఏళ్ల తరబడి అందరూ కొలమానంగా పెట్టుకున్నది దాన్నే. టెనర్జీలోనే 05, 25, 64, 80 అని రకాలున్నాయి. స్పాంజ్ ఒకటే, డిగ్రీలూ ఒకటే. తేడా అంతా టాప్‌షీట్ అడుగున కనపడకుండా ఉన్న పింపుల్స్ ఆకారంలోనే ఉంది. ఆ ఒక్క తేడాతో 05 బంతిని ఎత్తుగా, ఎక్కువ స్పిన్‌తో పంపుతుంది, 64 చదునుగా, వేగంగా పంపుతుంది. అంటుకోవడం ఒక్కటే చూసేవాడికి ఈ రెండూ ఒకే రబ్బర్.

ఇక లాంగ్ పింపుల్స్, అంటే పొడవాటి బొడిపెలు పైకి ఉండే రబ్బర్ల సంగతి. వాటికి బంతి అంటుకునే ప్రశ్నే లేదు. మన దేశ క్రీడాకారిణి మనిక బత్రా బ్యాక్‌హ్యాండ్ వైపు అలాంటి రబ్బర్‌తోనే 2018 గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో సింగపూర్ క్రీడాకారిణి ఫెంగ్ తియాన్‌వీని టీమ్ ఫైనల్లోనూ, సింగిల్స్‌లోనూ ఓడించి రెండు స్వర్ణాలూ గెలిచింది. ఎదుటివాళ్లు పంపిన స్పిన్నే వాళ్లకి తిప్పిపంపడం ఆ రబ్బర్ బలం. ఈ సలహా ప్రకారమైతే అది పనికిరాని రబ్బర్.

ఈ పరీక్ష చెప్పే నిజం ఒకటుంది, దాన్ని కాదనను. రబ్బర్ ట్యాకీనా (పైన జిగటగా ఉండేదా) కాదా అన్నది తెలుస్తుంది. సర్వీస్, పుష్ (బంతిని అడుగు నుంచి కోస్తూ నెమ్మదిగా పంపడం) వంటి మెత్తటి స్ట్రోకుల్లో బలం తక్కువ కాబట్టి జిగట కొంత సాయం చేస్తుంది కూడా. కానీ జిగట తగ్గగానే రబ్బర్ చచ్చిపోయిందని పారేయడం తప్పు. ట్యాకీ రబ్బర్లకి పైజిగట ముందే పోతుంది, గ్రిప్ ఆ తర్వాత కూడా చాలాకాలం ఉంటుంది. అరిగిందో లేదో చూడాలంటే బంతిని కాస్త గట్టిగా అదిమి పక్కకి లాగండి. మధ్యలో జారి, అంచుల్లో పట్టేస్తుంటే రబ్బర్ అరిగిపోయింది. ఎందుకంటే అంచుల్లో బంతి పెద్దగా తగలదు.

రెండోది, అడుగు ఎత్తు నుంచి బంతి వదలడం. ఇది అసలు బంతికీ టేబుల్‌కీ పెట్టిన పరీక్ష. నిబంధనల ప్రకారం 30 సెంటీమీటర్ల నుంచి వదిలిన బంతి టేబుల్ మీద అంతటా సుమారు 23 సెంటీమీటర్లు లేవాలి. బంతిని ఆమోదించేటప్పుడు 30.5 సెంటీమీటర్ల నుంచి ఉక్కు దిమ్మ మీద పడేసి 24 నుంచి 26 సెంటీమీటర్ల మధ్య లేస్తుందా అని చూస్తారు. రబ్బర్ స్పీడ్‌కి ఇలాంటి ప్రమాణం లేదు, ఉండటం వల్ల ప్రయోజనమూ లేదు. 30 సెంటీమీటర్ల నుంచి పడిన బంతి బ్యాట్‌ని తాకేది సెకనుకు రెండున్నర మీటర్ల లోపు వేగంతో. మనం పైన వేసుకున్న స్ట్రోక్‌లో బ్యాట్‌కీ బంతికీ మధ్య వేగం దీనికి అయిదు రెట్లు ఉంటుంది. అంటే శక్తి పాతిక రెట్లు.

ఇంత చిన్న తాకిడికి స్పాంజ్ సరిగ్గా నొక్కుకోదు. చైనా కంపెనీ డీహెచ్ఎస్ చేసే హరికేన్ 3 మీద బంతి వదిలితే నిద్రలో ఉన్నట్టు లేస్తుంది. జిగట కూడా దాన్ని కాస్త వెనక్కి లాగుతుంది. చైనా ప్రపంచ ఛాంపియన్లు మా లాంగ్, ఫాన్ జెన్‌డాంగ్ ఫోర్‌హ్యాండ్‌కి వాడింది ఆ హరికేన్ 3నే. చెయ్యి పూర్తిగా తిప్పి కొట్టినప్పుడే ఆ గట్టి స్పాంజ్ పని మొదలుపెడుతుంది. అటువైపు మెత్తటి జర్మన్ రబ్బర్ చిన్న తాకిడికే బంతిని ఎగరేస్తుంది, గట్టిగా కొట్టేకొద్దీ దాని దగ్గర ఇవ్వడానికి ఇంకేమీ మిగలదు. ఈ రెంటిలో ఏది ఫాస్ట్ అంటే, కొట్టేవాడెవరు అని అడగాల్సిందే. నిజానికి వదిలిన బంతి ఎక్కువ లేచే రబ్బర్‌తో ఒక ఇబ్బంది ఉంది. షార్ట్ పుష్, సర్వీస్ రిటర్న్ ఆడేటప్పుడు బంతి నెట్ దగ్గర ఆగకుండా పైకి లేచి, ఎదుటివాడికి అటాక్ చేసే అవకాశం ఇస్తుంది.

డిగ్రీల విషయంలో జరిగే మోసం ఎవరో చేసేది కాదు, మనకి మనం చేసుకునేది. టెనర్జీ 05కి 36 డిగ్రీలు, అదే కంపెనీ డిగ్నిక్స్ 05కి 40, హరికేన్ 3కి 39 నుంచి 41, చాలా జర్మన్ రబ్బర్లకి 45 నుంచి 50 పైదాకా రాసి ఉంటుంది. ఇవి జపాన్, చైనా, జర్మనీ వాళ్లు విడివిడిగా వాడే కొలతలు. 47.5 అని రాసిన జర్మన్ రబ్బర్‌కన్నా 39 అని రాసిన హరికేన్ చేతికి గట్టిగా ఉంటుంది. పక్కపక్కన పెట్టి అంకెలు చూసినవాడు పూర్తిగా తలకిందులుగా అర్థం చేసుకుంటాడు. ఒకే కంపెనీ రబ్బర్ల మధ్య అయితే పోల్చుకోవచ్చు. టెనర్జీ 05 ఎఫ్ఎక్స్‌కి 32, మామూలు 05కి 36, 05 హార్డ్‌కి 43. ఇక్కడ అంకె నిజమే చెబుతుంది. అయినా గట్టిదనం అంటే స్థాయి కాదు. మోచెయ్యి, నడుము ఇంకా వేగం పుంజుకోని పదకొండేళ్ల పిల్లకి గట్టి స్పాంజ్ ఇస్తే బంతి స్పాంజ్‌లోకి దిగదు, దిగకపోతే స్పిన్ రాదు. స్పిన్ రాక ఆ పిల్ల భుజంతో తోయడం నేర్చుకుంటుంది. ఆ అలవాటు మాన్పించడానికి కోచ్‌లు పడే అవస్థ నేను చూస్తున్నాను.

ప్యాకెట్ మీది స్పీడ్, స్పిన్, కంట్రోల్ అంకెలకి ఉమ్మడి ప్రమాణం ఏదీ లేదు. ప్రతి కంపెనీ తన రబ్బర్లని తనే పోల్చుకుని వేసుకునేవి అవి. అంతర్జాతీయ సమాఖ్య ఆమోద ముద్ర కూడా ఆ రబ్బర్‌తో ఆడటం నిబంధనలకి లోబడి ఉందనే చెబుతుంది, మార్కులు వేయదు.

మ్యాక్స్ మందం గురించి. నిబంధన ప్రకారం స్పాంజ్, టాప్‌షీట్, జిగురు అన్నీ కలిపి 4 మిల్లీమీటర్లు దాటకూడదు. అందుకే స్పాంజ్ 2.1 లేదా 2.2 దగ్గర ఆగిపోతుంది, దాన్నే మ్యాక్స్ అంటారు. గట్టిగా కొట్టేవాడికి అది కావాలి, లేకపోతే బంతి స్పాంజ్‌ని దాటి చెక్కని తాకుతుంది. అంత గట్టిగా కొట్టని వాడికి ఆ చివరి పొర వాడకంలోకే రాదు, బరువు మాత్రం మిగులుతుంది. 90 గ్రాముల ప్లైకి (రబ్బర్లు అంటించే చెక్కకి) రెండు వైపులా మ్యాక్స్ గట్టి రబ్బర్లు వేస్తే బ్యాట్ 185, 190 గ్రాములకి చేరుతుంది. చిన్న పిల్లల మణికట్టుకి అది ఎక్కువ. నన్నడిగితే, లూప్ ఇంకా కుదరని పిల్లలకి 1.8 చాలు.

మిగిలింది నాకింగ్. ఫోర్‌హ్యాండ్‌కి ఫోర్‌హ్యాండ్ ఒకే వేగంతో వచ్చే బంతికి ఏ కొత్త రబ్బరైనా బాగానే ఉంటుంది. రబ్బర్ల మధ్య తేడాలు బయటపడేది మరోచోట. బ్యాక్‌స్పిన్‌తో (వెనక్కి తిరుగుతూ) వచ్చే బంతిని లూప్ చేయడంతో మొదలుపెట్టండి. బకెట్ బంతులు పెట్టి ఒకదాని వెంట ఒకటి (మల్టీబాల్) వేయించుకుంటే తొందరగా తేలుతుంది. మీ చెయ్యి మార్చకుండా కొట్టండి, బంతి నెట్‌కి తగులుతోందా, టేబుల్ దాటిపోతోందా చూడండి. అక్కడ తెలిసేది ఆ రబ్బర్ బంతిని ఏ కోణంలో పైకి పంపుతుందన్నది. తర్వాత ఎదుటివాడిని గట్టిగా లూప్ చేయమని ఊరికే బ్యాట్ అడ్డుపెట్టి బ్లాక్ చేయండి. ఎక్కువ స్పిన్ ఇచ్చే రబ్బర్ ఎదుటి స్పిన్‌కీ ఎక్కువ లొంగుతుంది, ఆ మూల్యం ఇక్కడ కనపడుతుంది. ఆ తర్వాత షార్ట్ పుష్, ఫ్లిక్ (నెట్ దగ్గరి పొట్టి బంతిని మణికట్టుతో అటాక్ చేయడం), సర్వీస్ రిటర్న్. టేబుల్‌కి దూరంగా జరిగి కౌంటర్ (అటాక్‌కి అటాక్‌తోనే జవాబు) ఆడటం చివర్న పెట్టుకోండి.

ఈ పనంతా మీ సొంత ప్లై మీదే జరగాలి. స్నేహితుడి కార్బన్ ప్లై మీద బాగున్న రబ్బర్ మీ అయిదు పొరల చెక్క ప్లై మీద వేరేగా ఉంటుంది. పాత రబ్బర్ ఏ మందమో కొత్తదీ అదే మందం ఉండాలి. రెండు వైపులా ఒకేసారి మార్చేస్తే ఏ మార్పు దేనివల్ల వచ్చిందో ఎప్పటికీ తేలదు. ఒక మాట ఎదుటివాడినీ అడగండి. మీ లూప్‌లో స్పిన్ పెరిగిందో లేదో మీకన్నా దాన్ని బ్లాక్ చేసేవాడికి బాగా తెలుస్తుంది, వీలైతే ఏ వైపు కొత్త రబ్బరో చెప్పకుండా అడగండి.

మన ఊళ్లలో ఆడేవాళ్లు తేమని కూడా లెక్కలోకి తీసుకోవాలి. విశాఖలోనో కాకినాడలోనో వానాకాలంలో ఏసీ లేని హాల్లో ఆడితే బంతి మీదా, రబ్బర్ మీదా పల్చటి తేమ పొర చేరుతుంది. అప్పుడు లూప్ చేస్తే బంతి పట్టు దొరక్క జారి నేరుగా నెట్‌లోకి పోతుంది. ఏసీ హాల్లో, ఎండాకాలంలో అద్భుతంగా ఉన్న రబ్బర్ ఆ రోజు చేతికి రాదు. తప్పు రబ్బర్‌దనుకుని మార్చేసేవాళ్లు చాలామంది. ముందు పొడి గుడ్డతో రబ్బర్నీ, బంతినీ తుడిచి ఇంకోసారి ఆడండి. పట్టు తిరిగివస్తే కొత్త రబ్బర్ అవసరం లేదు. రాకపోతే ఆ హాల్లో, ఆ కాలంలోనే రెండో రబ్బర్‌ని పక్కన పెట్టుకుని పోల్చి చూడాలి, ఎందుకంటే జిల్లా టోర్నమెంట్లు కూడా చాలావరకు అలాంటి హాళ్లలోనే జరుగుతాయి.